బాబాయి ట్రంకు పెట్టెలో తెల్ల ముసుగు

పోయిన వారం మధ్యాహ్నం పూట చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ టీవీ ముందు కూర్చున్నాను. వార్తల్లో ఎవరో పెద్దమనిషి మంచుకొండల మధ్య హెలికాప్టరు దిగాడు. అక్కడి సన్యాసులు ఎదురొచ్చి ఆయన మెడలో పొడుగాటి తెల్ల పట్టుగుడ్డ ఒకటి వేశారు, ఆయన తల వంచి వేయించుకున్నాడు. చివర్లకు సన్నని కుచ్చు, గుడ్డలోనే కలిపి నేసిన పువ్వుల్లాంటి గుర్తులు. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మా కోడలు అటుగా వెళ్తూ, అది వాళ్ళ మర్యాద అత్తయ్యా, మనం దండ వేసినట్టు వచ్చేవాళ్ళకీ వెళ్ళేవాళ్ళకీ వేస్తారు, అని చెప్పి వంటింట్లోకి పోయింది. ఆ అమ్మాయికి అది అంత చిన్న సంగతి. కానీ అలాంటి గుడ్డను నేను జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్ళో, పరికిణీ వదిలి ఓణీ వేసుకున్న కొత్తల్లో, మా బాబాయి ట్రంకు పెట్టెలో చూశాను. దాని మూలంగా మా పిన్ని కాపురం ఉంటుందో పోతుందో తెలియక ఒక వేసవి వేసవంతా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

మాది నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, రోడ్డు మీద బస్సు దిగి పొలం గట్లమ్మట నడిచిపోవలసిన మెట్ట పల్లె. మిరప, కంది, జొన్న, వాన కురిస్తే పంట, లేకపోతే మంట. మా అమ్మ నన్ను కని కన్ను మూసింది. పెంచింది మా అమ్మమ్మ, అమ్మకు చెల్లెలైన మా పిన్ని. నన్ను బడికి పంపలేదు. దారిలో వాగుందని అమ్మమ్మ భయం, తల్లి లేని పిల్లను కళ్ళ ముందునుంచి కదలనివ్వకూడదని పిన్ని పంతం. అమ్మమ్మ దగ్గరున్న పెద్ద అక్షరాల బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఆదికాండంలోనే అక్షరాలు దిద్దాను, చింతగింజలు పెట్టి పిన్ని లెక్కలు నేర్పింది. ఈ నాలుగు మాటలు కూడబలుక్కుని రాయగలుగుతున్నానంటే ఆ ఇద్దరి చలవ, ఆ పైన దేవుని కృప. ఎక్కడైనా మాట తొట్రుపడితే నా ఈడువాళ్ళు మన్నిస్తారనే ధైర్యం.

పిన్ని మొగుడు, మా బాబాయి, మీసాలు సరిగా రాకముందే బెజవాడ పోయి పటాలంలో చేరినవాడు. స్వరాజ్యం వచ్చిన ఏడాదే కాశ్మీరుకు పంపితే, అక్కడ మంచులో తుపాకి దెబ్బలు తిన్న తోటి సిపాయిలను ఒకరి తరువాత ఒకరిని వీపున వేసుకుని కిందికి మోసుకొచ్చాడట. అందుకు ఆయనకు పతకం ఇచ్చారు. పెళ్ళయ్యాక కూడా ఏడాదికోసారి సెలవు మీద వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. ఆ సెలవు క్రిస్మసుకు కుదిరితే కాకీ బట్టల మీద పతకం పెట్టుకుని గుడికి వచ్చేవాడు, పిల్లలమంతా ఆ పతకం కేసి చూస్తూ వాక్యం వినేవాళ్ళం కాము. ఏడాది చివర మా సంఘంలో సాక్ష్యాల కూడిక ఒకటి ఉండేది. ఒక్కొక్కరే లేచి ఆ ఏడు దేవుడు తమకు చేసిన మేలు ఏమిటో అందరి ముందూ చెప్పాలి. గేదె ఈనిందనీ, జ్వరం తగ్గిందనీ, పాము పక్కనుంచి పోయిందనీ చెప్పే ఆ కూడికలో మా బాబాయి లేచి మంచు సంగతి చెబుతుంటే దీపం వత్తి ఎగదోయడం కూడా మరిచిపోయేవాళ్ళు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా పేటవాళ్ళు ఊరి కామందుగారి ఇంటికి పోతే అరుగు కింద నిలబడి మాట్లాడి రావడమే తప్ప కూర్చున్నది లేదు. పతకం వచ్చిన ఏడు ఆయన మా బాబాయిని పిలిపించి కుర్చీ వేయించాడు. కుర్చీ చివర అంగుళం మేర కూర్చున్నాడట. ఆ కబురు మా పేటకు వచ్చినప్పుడు అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుందట. సిపాయిగా చేరినవాడు హవల్దారై, ఆ పైన జమేదారై, మా చుట్టుపక్కల ఎవరి పిల్లవాడు మారాం చేసినా జమేదారు కంటే నువ్వు మొనగాడివా అనేదాకా వచ్చింది ఆయన పేరు.

చైనావాళ్ళు మన మీదికొచ్చిన చలికాలం పంచాయతీ రేడియో దగ్గర పిన్ని కూర్చోని సాయంత్రం లేదు. బాబాయి బతికే వచ్చాడు గానీ, వచ్చిన మనిషి పాత మనిషి కాదు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, పిలిస్తే ఒక క్షణం ఆగి పలికేవాడు. సెలవు అయి ఆయన తిరిగి వెళ్ళిన కొన్నాళ్ళకు మామూలు చొక్కాలు వేసుకున్న ఇద్దరు మనుషులు నందిగామ వైపు నుంచి జీపులో వచ్చి ఆయన గురించి ఆరా తీశారు. తాగుతాడా, ఎవరితో తిరుగుతాడు, ఎర్రజెండావాళ్ళతో పరిచయం ఉందా అని మా గుడిలో వాక్యం చెప్పే అయ్యగారిని అడిగారు, కామందుగారిని అడిగారు, టీ కొట్టు మీద కూర్చుని ఎవరొస్తే వాళ్ళను అడిగారు. పెద్ద ఉద్యోగం ఇచ్చే ముందు మనిషి ఎలాంటివాడో ఇలా విచారిస్తారని ఇవాళ చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఊరికి మాత్రం అప్పటికి తెలిసింది ఒకటే, పోలీసులు ఎవరి గురించి అడిగారంటే వాడు ఏదో చేసినట్టే. అంతకు పదిహేనేళ్ళ క్రితం కమ్యూనిస్టుల కోసం ఇల్లిల్లూ గాలించిన రోజులు పెద్దవాళ్ళెవరూ మరిచిపోలేదు. జీపు వెళ్ళిన దుమ్ము అణగకముందే మా ఇంటివైపు చూసే చూపులు మారిపోయాయి.

ఆ మరుసటి వేసవిలో బాబాయి వచ్చాడు. కాకీ బట్టలు లేవు, బూట్లు లేవు, పతకం ఇంట్లో పెట్టెలోనే ఉంది, తల వెంట్రుకలు మామూలు మనుషుల కంటే పెరిగి ఉన్నాయి. ఉద్యోగం మారింది, పోలీసులాంటిదే, కొండల్లో కాపలా, అన్నాడు పిన్నితో. ఏ కొండలంటే ఉత్తరాన అన్నాడు. ఆ ఒక్క మాటే ఊరందరికీ చెప్పాడు. టీ కొట్టు దగ్గర ఎవరో, ఉత్తరానంటే ఎక్కడ జమేదారూ, మా గొడ్ల సావిడి కూడా ఉత్తరానే ఉంది, అన్నారట. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వి గ్లాసు పెట్టేసి వచ్చేశాడు. ఆ తరువాత ఆయన పోతే అక్కడ మాటలు ఆగిపోయేవి. పోలీసుల వేగు అని కొందరు, పటాలంలోనుంచి తరిమేశారని కొందరు. కామందుగారింట్లో కుర్చీ మళ్ళీ లోపలికి పోయింది.

ఊరి మాటలు పిన్ని లెక్కచేయలేదు. ఆమె అనుమానం వేరే దారిన వచ్చింది. ఒకరోజు పొద్దున బాబాయి టీ గ్లాసు చేతిలోకి తీసుకుని కాస్త ఉప్పు తెమ్మన్నాడు. దేనికంటే టీలోకి అన్నాడు. పిన్ని మొదట నవ్వింది. ఆయన నిజంగానే ఉప్పు వేసుకుని తాగాడు. అప్పుడు నవ్వడం మానేసి, "ఎవరు నేర్పారు మావా ఈ రుచి?" అంది. చలికి అలవాటైంది అన్నాడాయన. చలికి నేర్పేవాళ్ళుండాలి గదా అని ఆమె నాతో పొయ్యి దగ్గర గొణిగింది. మధ్యాహ్నం పూట మంచం మీద కునుకు పడితే బాబాయి ఏదో భాషలో మాట్లాడేవాడు. హిందీ కాదు. మా ఊళ్ళో హిందీ వచ్చిన దర్జీని అమ్మమ్మ ఏదో వంకతో పిలిపించి వినిపించింది, ఆయన చెవి ఒగ్గి విని, ఇది నాకు తెలిసిన మాట కాదమ్మా అని వెళ్ళిపోయాడు. పిన్నికి పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరి మనసులోనూ ఉన్నది అదే. దూరాన ఇంకో ఇల్లు, ఆ ఇంట్లో ఒక ఊయల.

అట్లా ఉండగా ఒకరోజు బాబాయి మునేటికి స్నానానికి పోయినప్పుడు, ట్రంకు పెట్టెలో బట్టలు ఎండలో ఆరేసి వేపాకు వేసి పెడదామని పిన్ని తీసింది. పెట్టె అడుగున ఒక ఉన్ని చొక్కా మడతలో ఉంది ఆ గుడ్డ. తీసి విప్పేసరికి ఆమె చేతినుంచి నేల దాకా జారింది, పాలనురగలాంటి పట్టు.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పకపోతే మా గోడు మీకు అర్థం కాదు. మాలో పెళ్ళికూతురు తెల్లచీర కట్టి, తల మీద నుంచి వెనకకు జారేట్టు తెల్ల ముసుగు వేసుకుంటుంది. మా పేటలో ఎవరికీ సొంతానికి ముసుగు కొనే తాహతు లేదు. అయ్యగారి ఇంట్లో ఒకటి ఉండేది, వల గుడ్డది, ఎప్పటిదో తెల్లదొరసాని ఇచ్చిందట. ఏ పిల్ల పెళ్ళయినా దానితోనే అయ్యేది, పెళ్ళయ్యాక ఉతికి మడతపెట్టి తిరిగి ఇచ్చేయడం. మా అమ్మ పెళ్ళి దానితోనే, పిన్ని పెళ్ళి దానితోనే, నా పెళ్ళి కూడా తరువాత దానితోనే అయింది. అందుచేత పొడుగ్గా, తెల్లగా, పువ్వులు నేసి, మగవాడి పెట్టెలో దాచిన పట్టుగుడ్డను చూస్తే మాకు తోచే అర్థం ఒక్కటే. మా పక్కింటి హిందువులైతే ఏదో ఉత్తరీయం అనుకుని ఊరుకునేవాళ్ళేమో. అమ్మమ్మ దాన్ని వెలుగులోకి పట్టి అటూ ఇటూ తిప్పి, ఇది పెళ్ళిముసుగేనే అమ్మా, అంది. పిన్ని ఏడవలేదు. నేల మీద కూర్చుండిపోయి, "నాకు అరువు ముసుగు, దానికి సొంత ముసుగు," అంది. 

బాబాయి తడి తువ్వాలుతో వాకిట్లోకి వచ్చేసరికి గుడ్డ మంచం మీద పరిచి ఉంది. నన్ను లోపలికి పొమ్మన్నారు, నేను తలుపు చాటున నిలబడ్డాను. ఎవరిది అని అమ్మమ్మ అడిగింది. నాదే, నా మెడలో వేశారు అన్నాడు. ఎవరు వేశారంటే నా మనుషులు అన్నాడు. "మగాళ్ళు మగాడికి ముసుగేసే ఊరు ఎక్కడుంది నాయనా?" అంది అమ్మమ్మ. ఆయన ఆ గుడ్డను రెండు చేతులతో ఎత్తి, చంటిపిల్లను తీసుకున్నట్టు తీసుకుని, మెల్లగా మడతపెట్టాడు. ఆ మడత పెట్టిన తీరు చూసి పిన్నికి ఉన్న కాస్త ఆశా పోయింది.

"దీని సంగతి అడగొద్దు. అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుంది. నీకు అబద్ధం చెప్పలేను," అన్నాడు పిన్నితో.

ఎన్నోసార్లు అనుకున్నాను, ఢిల్లీ బజారులో నీకోసం కొన్నానే పిచ్చిదానా అని ఒక్క మాట అనుంటే ఆ గొడవంతా ఆ పూటతో పోయేది, పిన్ని ఆ పట్టును తలకు చుట్టుకుని వీధంతా తిరిగేది. అంత తేలికైన అబద్ధం ఆయన ఎందుకు ఆడలేదో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. మొగవాడు నోరు మూసుకున్నాడంటే తప్పు చేశాడనే అందరూ అనుకున్నాం.

పేటలో గుప్పుమంది. సంఘ పెద్దలు ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి వసారాలో చాపలు వేసి బాబాయిని కూర్చోబెట్టారు. ఆయన బైబిలు అడిగి తీసుకుని దాని మీద చేయి వేసి, నాకు ఈమె తప్ప భార్య లేదు అన్నాడు. మరి ఎక్కడ, ఏం పని చేస్తున్నావో అది కూడా చెయ్యి తీయకుండా చెప్పు అన్నారు. ఆయన చెయ్యి తీసేశాడు. పెద్దల్లో ముసలాయన, మా తాతకు స్నేహితుడు, మంచివాడే, "సగం బైబిలు మీద, సగం గాలిలోనా అయ్యా?" అన్నాడు. కనీసం అక్కడ ఏ గుడికి పోతున్నావో ఆ అయ్యగారి చేత ఒక మాట రాయించుకు రమ్మన్నారు. అక్కడ గుడి లేదన్నాడు బాబాయి. అంతటితో అయిపోయింది. అన్నీ తేటపడేదాకా ఆయనను ప్రభువు బల్లకు, అంటే గుడిలో అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే దానికి, దూరంగా ఉంచాలని తీర్మానం చేశారు. పిన్ని ఏ తప్పూ చేయలేదు గనుక ఆమెకు అడ్డు లేదన్నారు. ఇంకో మాట కూడా ఆమెతో వేరేగా చెప్పారు. ఇష్టం లేకపోతే ఇంటి గుమ్మం ఎక్కనివ్వకమ్మా, సంఘం నీ వెనకే ఉంటుంది, అని. ఆ తీర్పు ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ వారమంతా పిన్ని బాబాయికి అన్నం పెట్టింది గాని ముఖం చూడలేదు. ఆయన వసారాలో పడుకున్నాడు. రేపు ఏమవుతుందో అమ్మమ్మకు తెలియదు, నాకు తెలియదు, పిన్నికి కూడా తెలియదనే నేను అనుకుంటాను.

బల్ల ఆదివారం వచ్చింది. అప్పట్లో గుడిలో కుర్చీలు లేవు, కుడివైపు చాపల మీద మగవాళ్ళు, ఎడమవైపు చాపల మీద ఆడవాళ్ళు, మధ్యలో ఖాళీ జాగా. ఆ జాగా దాటి ఆడమనిషి అటు పోయింది లేదు, మొగుడైనా తండ్రైనా సరే. బాబాయి వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు అటూ ఇటూ చాప ఖాళీగా ఉంది, ఎవరూ దగ్గరగా కూర్చోలేదు. అయ్యగారు రొట్టె విరిచి ప్రార్థన చేసి మగవాళ్ళ వైపు మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ ఇస్తూ వచ్చి, బాబాయి దగ్గర ఆగకుండా దాటి పోయారు.  మంచులో మనుషులను మోసిన ఆ భుజాలు వంగిపోయి ఉన్నాయి.

అప్పుడు నా పక్కన గాజుల చప్పుడైంది. పిన్ని లేచింది. తల మీద కొంగు సర్దుకుని, మధ్య జాగా దాటి, మగవాళ్ళ చాపల వెనకగా నడిచి పోయి బాబాయి పక్కన కూర్చుంది.  అయ్యగారు రొట్టె పళ్ళెంతో అక్కడికి వచ్చి ఆమె ముందు ఆగారు. ఆమె చేయి చాచలేదు. "ఆయన తీసుకున్ననాడు నేనూ తీసుకుంటానయ్యగారూ," అంది, గట్టిగా కాదు, కానీ అందరికీ వినబడింది. అయ్యగారు కళ్ళు దించుకుని ముందుకు వెళ్ళారు.

ఇంటికి వచ్చాక బాబాయి ఏదో అనబోయాడు. పిన్ని కుండలో నీళ్ళు ముంచుకుంటూ వెనక్కు తిరక్కుండానే, "నమ్మానని అనుకోకు మావా. నలుగురిలో నువ్వొక్కడివే కూర్చోవడం చూడలేకపోయాను, అంతే," అంది. అది చాలు అన్నాడాయన. ఆ రాత్రి మంచం వసారాలోనుంచి లోపలికి వచ్చింది.

కానీ అనుమానం మాత్రం మా ఇంట్లోనే కాపురం ఉంది. ఆయన వెళ్ళినప్పుడల్లా ఏ వైపుకు పోతున్నాడో అని పిన్ని మనసులో మెలిక తిరిగేది, వచ్చినప్పుడల్లా బట్టలు వాసన చూసి ఉతికేది. ఒక ఏడాది ఎడమచేతి రెండు వేళ్ళు కొసలు లేకుండా వచ్చాడు. చలికి పోయాయన్నాడు, కత్తికి పోయాయేమోనని అమ్మమ్మ అనుమానం. ఆ కొన్నేళ్ళూ పిన్ని రొట్టె ముట్టలేదు, ద్రాక్షరసం గిన్నె తాకలేదు. ఉపవాసం ఉండి ప్రార్థన చేసే మనిషికి అది ఎంత లోటో నేను ఎరుగుదును. బల్ల ఆదివారం వచ్చిందంటే ఆమె గుడిలో తల వంచుకుని పెదవులు కదుపుతూ ఉండేది, అడిగితే, బల్ల ప్రభువుది, అలిగింది నేను గదా, ఆయన నా మాట వింటూనే ఉంటాడు, అనేది. ఆ పాత అయ్యగారు బదిలీ అయ్యాక వచ్చిన కొత్త ఆయన పాత తీర్మానాలు తవ్వలేదు. బాబాయి ఉద్యోగం చాలించుకుని ఇంటికి వచ్చేసిన ఏడు ఇద్దరికీ కలిపి బల్ల ఇచ్చాడు. ఆ రోజుకు నేను పెళ్ళయి వీరులపాడు దగ్గర అత్తగారింట్లో ఉన్నాను, చూడలేకపోయాను. చూసినవాళ్ళు చెప్పారు, పిన్ని గిన్నె పట్టుకుని చాలాసేపు తాగకుండా అలాగే ఉండిపోయిందట.

బాబాయి ఆ కొండల సంగతి చెప్పకుండానే పోయాడు. పిన్ని మళ్ళీ అడగకుండానే ఆయన వెనక పోయింది. చాలా ఏళ్ళకు మా అబ్బాయి ఏదో పత్రికలో చదివి చెప్పాడు, చైనా యుద్ధం తరువాత సర్కారు ఒక రహస్య దళాన్ని పెట్టిందనీ, కొండల అవతలినుంచి ఇల్లూ దేశమూ వదిలి వచ్చినవాళ్ళను అందులో చేర్చుకుని, మన పటాలంలోని గట్టివాళ్ళను వాళ్ళ మీద అధికారులుగా వేసిందనీ, వాళ్ళు ఎవరికీ, కట్టుకున్న పెళ్ళానికి కూడా, చెప్పకూడదనీ. ఇప్పుడు ఈ తెల్లగుడ్డ మర్యాద చూశాక అన్నీ ఒక చోటికి చేరినట్టుంది. ఉప్పు టీ, నిద్రలో భాష, నా మనుషులు అన్న మాట. అదే అయివుంటుందనుకుంటాను. అయినా ఒట్టు పెట్టి చెప్పలేను, ఎందుకంటే ఆయన నోటితో చెప్పలేదు, చెప్పగలిగిన కాగితమూ నా దగ్గర లేదు. మా పిన్ని పెంచిన దాన్ని గదా, నాకూ ఆ మెలిక కొంత మిగిలే ఉంది.

మా మనవరాలు ఫోను తెరిచి మొగుడు ఆఫీసునుంచి ఎక్కడిదాకా వచ్చాడో దారి బొమ్మలో కదిలే చుక్కను చూసి బియ్యం కడుగుతుంది. చుక్క ఆగితే ఎందుకు ఆగిందని ఫోను చేస్తుంది. తప్పు పట్టను, తెలుసుకునే వీలుంటే ఎవరు తెలుసుకోరు. పిన్నికి ఆ వీలు ఉండుంటే ఆమె ఆ ఆదివారం లేచేదో లేదో నేను చెప్పలేను. ఏమీ తెలియకుండానే లేచి వెళ్ళిందనే నాకు ఆమె మీద ఇంత గౌరవం. దానికోసం రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

పోయిన క్రిస్మసుకు మా ఊరి గుడికి పోయాను. గచ్చు మీద రాళ్ళు పరిచారు, ఫ్యాన్లు వేశారు, చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. మగవైపు ఆడవైపు అనేది లేదు, ఎవరి కుటుంబం వాళ్ళు ఒక వరసలో పక్కపక్కనే కూర్చుంటున్నారు. మంచిదే, చూడముచ్చటగా ఉంది. కాకపోతే అందరూ అలా పక్కపక్కనే ఉంటే, ఎవరి కోసం ఎవరు లేచి వచ్చి కూర్చున్నారో పైకి తెలియడం లేదు.